అణియానికి లోపలి నుంచి బొట్టు

కృష్ణపట్నం రేవు చూడనివాళ్ళు మా ఊళ్ళో తక్కువ. ఆ రేవులో ఆగిన సబ్‌మెరైన్‌లోకి దిగి వచ్చినవాళ్ళం మాత్రం ఇద్దరమే, నేనూ మా అమ్మాయి లక్ష్మీ. తిరిగి వచ్చినప్పటి నుంచి నీళ్ళ కుళాయి దగ్గర ఒకరు, రొయ్యల కాటా దగ్గర ఒకరు ఆపి అడుగుతూనే ఉన్నారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేటప్పుడు ఏదో ఒక ముక్క జారిపోతోంది. అందుకని బయల్దేరిన దగ్గర నుంచి వరసగా రాసి పెడుతున్నాను.

మాది దొరవారిసత్రం వైపు, పులికాట్ ఒడ్డున ఉన్న ఊరు. మా ఆయన చెంచయ్య సరస్సులో వేట చేస్తాడు. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది లక్ష్మి, గూడూరులో కాపురం ఉంటోంది. చిన్నవాడు రమణయ్య, నేవీలో చేరి సబ్‌మెరైన్ మనిషి అయ్యాడు. వాళ్ళిద్దరికీ మాటలు లేకపోబట్టే ఈ ప్రయాణం కట్టాల్సి వచ్చింది.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవను నీళ్ళలోకి దించేటప్పుడు దాని అణియానికి, అంటే ముందు కొసకు, ఆ ఇంటి ఆడపడుచు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ పడవ మొదటి వేట నుంచి రాగానే, ఇంకెవరూ నోట పెట్టుకోకముందే, బొట్టు పెట్టిన చేతికి ఒక చేప ఇవ్వాలి. అది ఆడపడుచు వంతు. ఆ వంతు ఇవ్వకుండా రెండో వేటకు పడవ తీయరు.

రమణయ్య ఎక్కిన సబ్‌మెరైన్ కొత్తది. దాన్ని నేవీలో చేర్చుకునే రోజున ఒక్కో మనిషి తరఫున ఇద్దరు రావచ్చు అన్నారు. వాడు నాన్ననూ, పెదనాన్ననూ రమ్మన్నాడు. పెదనాన్న వాడికి ఈత నేర్పినవాడు, పిలవడంలో తప్పేమీ లేదు. వాళ్ళు తిరిగొచ్చి, ఎవరో పెద్దాయన భార్య కొబ్బరికాయ కొట్టిందని గొప్పగా చెప్పారు. లక్ష్మి అంతా విని ఒకటే అడిగింది.

"ఆమె ఏ ఇంటి ఆడపడుచు నాయనా?"

ఆ రోజు నుంచి తమ్ముడి ఫోను ఎత్తలేదు.

మొన్న వాడు ఏదో రేవులో ఆగినప్పుడు నాకు ఫోన్ చేశాడు. పడవ మొదటిసారి దూరం పోయి తిరిగొస్తోందనీ, దారిలో కృష్ణపట్నంలో ఆగుతుందనీ, ఇళ్ళవాళ్ళను లోపలికి రానిస్తారనీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే అక్కణ్ణుంచే మళ్ళీ దూరం పోతుందట.

"అక్కను పిలుచుకొని రా మా," అన్నాడు.

"నువ్వే పిలవరాదా?"

"నేను చేస్తే కట్ చేస్తాది. నువ్వయితే తిట్టయినా వస్తాది."

మా ఆయనకు మోకాలు నొప్పి, రాలేనన్నాడు. గడప దాకా వచ్చి, "రెండో వేటకు పోతుండాడు మే. వంతూ లేదు, బొట్టూ లేదు. ఏదో ఒకటి చేసిరా. అట్నే, ఆ పడవ చుక్కాని మాట వింటాదో లేదో అడిగిరా," అన్నాడు. పైకి చుక్కాని గురించి అడిగాడు గానీ, ఆయన మనసంతా బొట్టు మీదే ఉందని నాకు తెలుసు.

దొరవారిసత్రం నుంచి రైల్లో

రైల్లో నా ఎదురుగా సూళ్ళూరుపేటలో చీరలు అమ్ముకుని వస్తున్న ఆయన కూర్చున్నాడు. నేను ఎండు రొయ్యల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఆయన కాసేపు ముక్కు అటూ ఇటూ తిప్పి, ఊరుకోలేక ఎక్కడికని అడిగాడు. చెప్పాను. ఇక గూడూరు వచ్చేదాకా వదల్లేదు.

"సముద్రం మింద పోతే సాలదా తల్లీ? అడుగున ఎందుకు పోవాల?"

"మింద పోతే అందరికీ కనపడతాది కదన్నా. కనపడితే ఇంక ఏం పట్టేది?"

ఆ పడవ కథ నాకు మొదటి నుంచీ తెలుసు. రమణయ్య చెప్పగలిగింది చెప్పాడు, చెప్పకూడనిది చెప్పలేదు. అది గట్టు మీద ఇనప రేకులుగా ఉన్నప్పుడే వీణ్ణి దాని దగ్గరికి పంపారు. నీళ్ళలో దించాక కూడా వెంటనే మునగనివ్వలేదు. మొదట పైపైనే తిప్పారు. తర్వాత లోతు తక్కువ చోట ముంచి తేల్చారు. సరిచేసుకోవాల్సినవి ఉంటే రేవుకు తెచ్చి సరిచేసుకున్నారు. కొత్తగా వచ్చిన కోడలికి ఏ డబ్బాలో ఏముందో తెలిసేదాకా పట్టినట్టే దానికీ పట్టింది.

లోతుకు పోయిన మొదటి రోజున లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి కట్టారట. కిందికి పోయేకొద్దీ నీళ్ళ బరువు పడవను నాలుగు వైపులా నొక్కిందట. బిగించిన దారం సడలి, బట్టలారేసే తాడులాగా వేలాడిందట. కొత్తవాళ్ళందరికీ ఆ లోతులోనే గ్లాసులో సముద్రపు నీళ్ళు పోసి తాగమన్నారట. మిగతావాళ్ళు మొహాలు చిట్లిస్తే మావాడు గటగటా తాగేశాడట. పులికాట్ నీళ్ళు మింగుతూ ఈత నేర్చినవాడికి అదొక లెక్కా.

"మరి బాంబులో?" అన్నాడు చీరలాయన గొంతు తగ్గించి.

"టార్పెడో అంటారు. నేర్చుకునేటప్పుడు మందు లేనిది వదుల్తారంట. అది పోయి పోయి ఆగి తేలతాది. చిన్న పడవలో పోయి మళ్ళా తెచ్చుకుంటారు."

"వదిలిందాన్ని ఏరుకోవడమా!"

"గాలం ఇసిరినాక మనం చుట్టుకోమా అన్నా?"

ఆయనకు ఇది నచ్చింది. వాళ్ళ నేవీవాళ్ళే రెండు జట్లుగా విడిపోయి ఆడిన ఆట సంగతి కూడా చెప్పాను. పెద్ద ఓడలు వీళ్ళను పట్టుకోవాలి. పొద్దంతా వెతికి వెతికి వాళ్ళు విసిగిపోయారట. సాయంత్రం చూస్తే ఇది ఒక ఓడ పక్కనే పైకి తేలిందట. అంతసేపూ దాని కిందే ఉందట.

"పొయ్యి ఎట్టా?" అన్నాడాయన దిగే ముందు.

"కరెంటు పొయ్యి. పొగ రాకూడదు. ఏ వాసనా బయటికి పోయే దారి లేదు కదా. ఒకసారి వాసన పట్టిందంటే తేలేదాకా అందరికీ అదే."

ఆయన నా రొయ్యల సంచి వంక చూసి, "ఇది తీసుకొని పోతుండావా ఆ పడవలోకి?" అన్నాడు.

అప్పటిదాకా ఆ ఆలోచనే తట్టలేదు నాకు.

గూడూరు

మా అల్లుడు నిమ్మకాయల మార్కెట్లో పని చేస్తాడు. గూడూరు మార్కెట్ చూడనివాళ్ళకు ఎంత చెప్పినా తక్కువే. నేల కనపడదు, అంతా కాయలే. ఆడవాళ్ళు కుప్పల చుట్టూ కూర్చుని, చేతికి తగిలిన కాయను చూడకుండానే పెద్దవి ఇటు, చిన్నవి అటు విసిరేస్తుంటారు. మా దగ్గర రొయ్యలు ఏరడం కూడా ఇలాగే. కాకపోతే ఇక్కడ ఇంటికి పోయాక చేతులు కడుక్కోవాల్సిన పని లేదు. ఆ రోజు ధర పడిపోయింది. బస్తా తెచ్చిన రైతు బస్తా మీదే కూర్చుని కారం దోసె తింటున్నాడు. ధర ఎట్టుందన్నా అంటే, "దోసె బాగుండాది," అన్నాడు.

లక్ష్మి గడపలోనే అడ్డం నిలబడింది.

"నేను రానమ్మా. నువ్వు పోయిరా."

"నేనొక్కదాన్నే ఎట్టా పోయేది? వెంకటాచలం దాటినాక దారి తెలీదు నాకు."

"దారి తెలీదా? బుడ్డ పడవేసుకొని సరస్సంతా తిరిగినదానివి."

"సరస్సులో బస్సులు మారే పని లేదుగా."

అల్లుడు లోపలి నుంచి, "పో లక్ష్మీ. వాడొచ్చిందే ఇన్నాళ్ళకు," అన్నాడు. లక్ష్మి ఆయన వైపు ఒక చూపు చూసింది. చివరికి తలుపు వెనక తగిలించిన సంచి తీసుకుని, రెండు చేతుల నిండా నిమ్మకాయలు ఎత్తి పోసుకుంది.

"రేవు దాకా వస్తా. పడవ మొహం చూడను. వాడితో మాట్లాడను. ముందే చెప్తుండా."

"సరేలే," అన్నాను. రెండు జతల బట్టలు పెట్టుకోవడం చూశాను గానీ, చూసినట్టు చెప్పలేదు.

వెంకటాచలం

వెంకటాచలంలో సుబ్బమ్మక్క ఉంది. కయ్యలు, అంటే వరి పొలాలు, ఉన్న ఇల్లు. నా దగ్గర ఎండు చేపలు కొంటూ కొంటూ చుట్టమైపోయింది. మేము వెళ్ళేసరికి పులిసిన పిండితో పులిబొంగరాలు పోస్తోంది. ఒక్కో వాయీ దించడం, మేం తినడం. మా వైపు ఇంటికి ఎవరైనా వస్తే ముందు చేప ఏముందో చూస్తాం, పొయ్యి ఆ తర్వాత. వీళ్ళు పొయ్యి మీద ఏదో ఒకటి పడ్డాకే ఎవరొచ్చారో చూస్తారు.

అక్కడే చిన్న గొడవ జరిగింది. లక్ష్మి సుబ్బమ్మక్కకు నిమ్మకాయలు ఇద్దామని సంచి ఎత్తింది. అడుగు పాతబడి ఉందేమో, పిగిలిపోయింది. కాయలన్నీ వాకిట్లో దొర్లిపోయాయి. కోడి అరిచింది. కాయల వెనకాలే ఒక కుంకుమ భరిణె దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. దాని వెనక పసుపు పొట్లం.

నేను భరిణె తీసి చేతిలో పెట్టుకున్నాను. లక్ష్మి కాయలు ఏరుకుంటూ తల ఎత్తలేదు.

"పడవ మొహం చూడనంటివే," అన్నాను.

"అది ఎప్పుడూ సంచిలోనే ఉంటాది."

"పసుపు కూడానా?"

సుబ్బమ్మక్కకు నవ్వాగలేదు. సంగతంతా చెప్పించుకుని, "మా ఇంట్లో కొత్త వడ్లు ఇంటికొస్తే మొదటి కుంచెడు ఆడబిడ్డకే. ఒకేడు మా ఆయన మర్సిపోయినాడు. మా ఆడబిడ్డ వచ్చి గాదె ముందర కూర్చుంది. వడ్లు అడగలా. ఊరికే కూర్చుంది, అంతే. ఆ రోజు ఇంట్లో ఎవురికీ అన్నం దిగలా," అంది.

"కూర్చున్నాక ఇచ్చినారా?" అంది లక్ష్మి.

"ఇయ్యకుంటే ఇంకా ఆడ్నే కూర్చోనుండేది."

సుబ్బమ్మక్క భర్త తన మినీ లారీలో మమ్మల్ని రేవు గేటు దాకా దించాడు. నా ఎండు రొయ్యల సంచి సుబ్బమ్మక్క దగ్గరే వదిలేశాను. చీరలాయన మాట గుర్తుంది.

కృష్ణపట్నం రేవు

గేటు దగ్గర మా పేర్లు చూసి, ఫోన్లు తీసుకుని లోపలికి పంపారు. రేవంటే మాకు ఇసుక, వలలు, కాకులు. ఇక్కడ ఇసుకే లేదు. అంతా సిమెంటు, మనిషి కంటే ఎత్తు చక్రాలున్న లారీలు. నడిచి నడిచి ఒక మలుపు తిరిగాక రమణయ్య తెల్ల బట్టల్లో నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. ఎండ చూడక రంగు తేలాడు.

వాడి వెనక నీళ్ళలో ఆ పడవ. ఎనుము మడుగులో పడుకున్నప్పుడు వీపొక్కటే కనపడుతుంది చూడండి, సరిగ్గా అట్లాగే. నల్లటి వీపు, దాని మీద గది లాంటిదొకటి. అంతే. ఇంత కథ చెప్పించుకున్న పడవ ఇదేనా అనిపించింది. మిగతాదంతా నీళ్ళలోపలే ఉందట.

రమణయ్య నన్ను పట్టుకుని, నా భుజం మీదుగా అక్కను చూశాడు. లక్ష్మి వాడి వైపు చూడలేదు. పడవ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది, మళ్ళీ చూసింది. ఇన్నాళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట ఇది.

"అణియం యాడుందిరా దీనికి?"

"నీళ్ళల్లో ఉండాదక్కా. అడుగున."

"అయితే ఆమె కొబ్బరికాయ యాడ కొట్టింది?"

"గట్టు మింద. ఇట్టాంటి గట్టు మిందే."

"అంటే ఆమె కూడా అణియాన్ని ముట్టుకోలా."

"ఎవురూ ముట్టుకోలేదక్కా."

లక్ష్మి మొహంలో ఏదో తేలికపడింది. భరిణె తీసి గట్టు అంచుకు నడిచింది. కాపలా కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. పడవ ఒంటికి ఏమీ పూయకూడదట. దాని చర్మమంతా రబ్బరు పలకలేనట, చప్పుడు మింగడానికట. లక్ష్మి భరిణె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

రమణయ్య జేబులో నుంచి మూత బిగించిన చిన్న డబ్బా తీశాడు.

"అక్కా, నీ వంతు."

మూత తీస్తే ఉప్పులో రెక్కల చేప ఒకటి, నీళ్ళ మీద ఎగిరే జాతిది, అరచెయ్యంత. దూరం పోయినప్పుడు ఒక తెల్లవారుజామున పడవ పైకి తేలిందట. వీడు మూత తెరిచి పైకి ఎక్కాడట. వీపు మీది సందులో ఈ చేప ఇరుక్కుని కొట్టుకుంటోందట. ఆ పడవ పట్టిన మొదటి చేప అదే, చివరిదీ అదే. దాన్ని కోసి, శుభ్రం చేసి, ఉప్పేసి దాచాడు.

లక్ష్మి చాలాసేపు ఆ డబ్బాలోకి చూసింది. రెక్కను వేలితో కొంచెం సవరించింది. చెయ్యి మాత్రం చాచలేదు.

"బొట్టు పెట్టని చేత్తో వంతు ఎట్టా తీసుకునేదిరా?"

"పొద్దున్నే పోతుండాం అక్కా."

"తెలుసు."

నాకు ఇద్దరినీ రెండు మొట్టికాయలు వేయాలనిపించింది. కానీ లక్ష్మి అన్నదాంట్లో తప్పు లేదు. వంతుకు ముందు బొట్టు. ఆ వరస మార్చిన ఇల్లు మా ఊళ్ళో లేదు.

అప్పుడే పడవ మీది నుంచి కెప్టెన్ వచ్చాడు. పొడవాటి మనిషి, ఉత్తరాది ఆయన. హిందీలో మాట్లాడితే రమణయ్య తెలుగులో చెప్పాడు. ఆయన డబ్బా చూడగానే ముక్కు మూసుకున్నాడు.

"ఆ అక్క ఈమేనా? మా వంటాయన ఈ చేపను ఎన్నిసార్లు పారేయబోయాడో తెలుసా అమ్మా? ప్రతిసారీ మీ తమ్ముడు కాళ్ళా వేళ్ళా పడ్డాడు. మంచాల దగ్గర దాచాడు, అక్కడివాళ్ళు తరిమారు. ఇంజన్ దగ్గర పెట్టాడు, అక్కడివాళ్ళు తరిమారు. చివరికి చల్లటి పెట్టెలో మూడు సంచుల్లో చుట్టి పెట్టమన్నాను. అయినా వాసన వచ్చింది. శత్రువుకు దొరక్కుండా వచ్చాం గానీ ఈ చేపకు దొరికిపోయాం. దయచేసి తీసుకుపోండి."

"తీసుకోనంటోంది సార్," అన్నాడు రమణయ్య.

ఎందుకని ఆయన అడిగాడు. రమణయ్య నసిగాడు. నేనే చెప్పాను, అణియం, బొట్టు, వంతు, రెండో వేట, అన్నీ. కెప్టెన్ నవ్వకుండా విన్నాడు. పడవ ముందు కొస వైపు, నీళ్ళ వైపు చూశాడు. తర్వాత లక్ష్మి వైపు తిరిగాడు.

"పడవ ముక్కుకు లోపలి వైపు కూడా ఉంటుంది కదమ్మా. అక్కడ పెడతారా?"

లోపల

దిగడం ఒక కథ. నిలువు నిచ్చెన, గుండ్రటి మూత. చీరలతో కుదరదంటే, నేవీ వాళ్ళ నీలం ప్యాంట్లు తెచ్చి ఇచ్చారు. చీర కుచ్చెళ్ళు ప్యాంటులో దోపుకుని, ఇద్దరం అరిశెల మూటల్లాగా తయారయ్యాం. లక్ష్మి నన్ను చూసి నవ్వింది, నేను దాన్ని చూసి నవ్వాను. నిచ్చెన మధ్యలో నా ప్యాంటు దేనికో తగులుకుంది. కింద నుంచి ఒకరు, పైనుంచి ఒకరు నన్ను ఊడదీశారు.

లోపల ఇల్లు కాదు, అలమర. మనిషికి మనిషి ఎదురైతే ఒకరు గోడకు అంటుకోవాల్సిందే. ఒకరు లేచిన మంచంలో ఇంకొకరు పడుకుంటారట. టార్పెడోల పక్కనే పక్కలు. స్నానానికి నీళ్ళు చూసి చూసి వాడాలి. అక్కడి మాటలన్నీ మెల్లగా ఉన్నాయి, నడక కూడా మెల్లగానే. చేప గుంపు దగ్గరికి వచ్చినప్పుడు మావాళ్ళు పడవలో తెడ్డు కూడా తగలకుండా కూర్చుంటారే, అది గుర్తొచ్చింది. మా ఆయన అడగమన్నది అడిగాను.

"చుక్కాని మాట వింటాదారా?"

"మొదట్లో మొండికేసింది మా. ఇప్పుడు ఏలు పెడితే వింటాది."

ముందుకు పోగా పోగా ఇంక దారి లేదు. గుండ్రటి ఇనప తలుపులు వరసగా ఉన్నాయి. టార్పెడోలు పోయే గొట్టాల తలుపులు. కెప్టెన్ ఒక దాని మీద చెయ్యి పెట్టాడు.

"దీని అవతల సముద్రమే. ఇదే మా అణియం," అన్నాడు. అణియం అన్న మాట మాత్రం రమణయ్య సాయం లేకుండా, మా మాటే పలికాడు.

పసుపు పొడి రాలకూడదు అన్నారు. లక్ష్మి అరచేతిలో రెండు చుక్కల నీళ్ళు పోయించుకుని ముద్దగా కలిపింది. తలుపు మధ్యలో వేలెడంత రాసి, దాని మీద బొట్టు పెట్టింది. ఆ సందులో ఇరుక్కుని నిలబడ్డ సెయిలర్లలో ఒక తమిళ అబ్బాయి, మా వైపు కూడా ఇంతే అని పక్కవాడికి గొప్పగా చెబుతున్నాడు. వేలికి మిగిలిన కుంకుమ లక్ష్మి తమ్ముడి నుదుటికి పెట్టింది. వాడు తల వంచాడు. తల ఎత్తేటప్పుడు పైన పైపు తగిలి టంగుమంది.

"ఇన్నాళ్ళుగా ఈడ్నే ఉండావు, వంగడం రాలేదా నీకు?" అంది లక్ష్మి.

వాడు తల రుద్దుకుంటూ నవ్వాడు. అది చెయ్యి చాచింది.

"ఇప్పుడియ్యి."

డబ్బా చేతులు మారింది. వెనక వంట గది దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. వంటాయనేనని తర్వాత తెలిసింది.

మళ్ళీ ఇంటికి

లక్ష్మి గూడూరులో దిగలేదు, నాతోపాటు ఊరికి వచ్చేసింది. వంతు చేప పుట్టింట్లోనే వండాలని పట్టుబట్టింది. మర్నాడు ఉప్పు కడిగి, మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టింది. ఉన్నది అరచెయ్యంత చేప. ముందు తను ఒక ముక్క నోట్లో వేసుకుని, తర్వాత అందరికీ వేలెడేసి పెట్టింది. పెదనాన్నకూ పెట్టింది. ఆయన పళ్ళెం రెండు చేతులతో పట్టుకున్నాడు.

మా ఆయన తిని, వేళ్ళు నాక్కున్నాడు. చుక్కాని సంగతి నేను అప్పటికే చెప్పాను. బొట్టు సంగతీ చెప్పాను, రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఉప్పెక్కువేసినాడు," అన్నాడు.

"ఉండు నాయనా, చెప్తా వాడికి," అని లక్ష్మి ఫోను తీసింది. తనంతట తాను తమ్ముడికి ఫోను చేయడం ఇన్నాళ్ళలో అదే మొదలు. అందరికీ వినపడేలా పెట్టింది. స్విచ్ ఆఫ్ అని చెప్పే ఆమె గొంతు వచ్చింది. మేమంతా ఆ గొంతునే విన్నాం.

"మునిగినాడు నాయనా," అంది లక్ష్మి నవ్వుతూ.

"తేలినాక చెప్దువులే," అని మా ఆయన పులుసుకు పళ్ళెం చాచాడు.